అద్దం ముందు సరిపోయిన డ్రెస్ హోల్డ్‌లోకి వెళ్ళగానే ఎందుకు పైకి లేస్తుంది?

ప్రశ్న: బాల్‌రూమ్ డాన్స్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఇంకో పది వారాల్లో నా మొదటి పోటీ. వాల్ట్జ్, టాంగో, క్విక్‌స్టెప్ చేయాలి. మా క్లాసులో ఒక సీనియర్ తన పాత డ్రెస్ అమ్ముతానంటే వేసుకుని చూశాను. అద్దం ముందు నాకోసమే కుట్టినట్టుంది. కానీ పార్ట్‌నర్‌తో హోల్డ్‌లోకి, అంటే చేతులెత్తి ఒకరినొకరు పట్టుకునే భంగిమలోకి, వెళ్ళగానే భుజాల దగ్గర బట్ట చెవుల దాకా లేచింది, చంకలో కోసుకుపోయింది, నడుము అతుకు పక్కటెముకల మీదికి వచ్చేసింది. ఒక సైజు పెద్దది చూసుకోమని ఒకరు, ఇంకా బిగుతుగా ఉండాలని ఇంకొకరు చెప్తున్నారు. దీన్ని సరిచేయించుకోనా, కొత్తది కుట్టించుకోనా? నా చేతులు భుజాల దగ్గర కాస్త లావు. వీపు కనిపించే డ్రెస్ అంటే బిడియం కూడా. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఒక్క మాట. మీ ఒంట్లో లోపమేమీ లేదు. అద్దం ముందు మీరు చేతులు కిందికి వదిలి నిలబడ్డారు. పోటీ ఫ్లోర్ మీద మీరు అలా నిలబడేది డాన్స్‌కీ డాన్స్‌కీ మధ్య కొద్ది సెకన్లే. మిగతా సమయమంతా మోచేతులు దాదాపు భుజాల ఎత్తులో, పక్కకి చాపి ఉంటాయి. చేతులు అలా లేచినప్పుడు చంక నుంచి నడుము దాకా ఉండే పక్క భాగం సాగుతుంది, వీపు మీది రెక్క ఎముకలు పక్కకి జరుగుతాయి, ఛాతీ పైకి లేస్తుంది. మీరు చేసే ఈ మూడూ ఉండే స్టాండర్డ్ విభాగం డాన్సుల్లో ఆడవాళ్ళు పై వీపును కొంచెం వెనక్కి, ఎడమకి చాపుతారు కాబట్టి శరీరం ముందు వైపు ఇంకా పొడవవుతుంది. కొలతలన్నీ చేతులు దించి తీసుకుంటే, ఆ డ్రెస్ మీరు డాన్స్ చేయని భంగిమకి సరిపోతుందన్నమాట.

మగవాళ్ళు వేసుకునే టెయిల్ సూట్, అంటే వెనక తోకలా పొడవుగా దిగే కోటున్న సూట్ చూడండి. చేతులు దించి నిలబడితే భుజాల దగ్గర బట్ట మిగిలిపోయినట్టు, వదులుగా కనిపిస్తుంది. హోల్డ్‌లోకి రాగానే ఆ భుజాలు గీత గీసినట్టు చదునుగా కూర్చుంటాయి. ఆ కోటు కట్ చేసిందే ఎత్తిన చేతుల కోసం. ఆడవాళ్ళ డ్రెస్‌కి కూడా ఇదే పద్ధతి. బట్ట సాగుతుంది కదా, అదే సర్దుకుంటుందిలే అని మనం ఈ సంగతి వదిలేస్తుంటాం.

మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఎవరి మాటా వినకండి. పెద్ద సైజు తీసుకుంటే చంక ఇంకా కిందికి దిగుతుంది, దాంతో సమస్య పెరుగుతుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, చేతికి స్వేచ్ఛ ఇచ్చేది వదులుగా ఉన్న చంక కాదు, ఎత్తుగా, ఒంటికి దగ్గరగా కట్ చేసిన చంక. చంక లోతుగా దిగి ఉంటే చెయ్యెత్తినప్పుడల్లా స్లీవ్ తనతోపాటు పక్క బట్టను, దానితోపాటు నడుమును, మొత్తం పై భాగాన్ని లాక్కుపోతుంది. చంక చేతి మొదలుకి దగ్గరగా ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది, డ్రెస్ ఉన్నచోటే ఉంటుంది. ఇక ఇంకా బిగించమన్న సలహా. సాగే బట్టను మరీ బిగిస్తే అది ఒంటి మీద తక్కువ వెడల్పున్న చోటికి జారుతుంది. తుంటి మీద పట్టేసిన బట్ట నడుముకి ఎగబాకేది అందుకే. డ్రెస్ ఒంటికి అతుక్కుని ఉండాలి, కానీ ఒంటిని నొక్కకూడదు. వేసుకుని పక్కటెముకల నిండా ఊపిరి పీల్చి చూడండి. పీల్చలేకపోతే అది మరీ బిగుతు.

మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూడు వేర్వేరు కారణాలు ఉండే అవకాశం ఉంది. భుజాలు లేవడం చంక లోతు వల్ల కావచ్చు. చంకలో కోసుకుపోవడం, స్లీవ్ సాగని లేస్‌తోనో, ఒకే దిశలో సాగే బట్టతోనో కుట్టినందువల్ల కావచ్చు. దానికి చంక కింద బాగా సాగే మెష్‌తో (సన్నటి వలలాంటి బట్టతో) డైమండ్ ఆకారంలో ఒక అతుకు వేస్తారు. చెయ్యి దించితే అది కనిపించదు, ఎత్తితే తెరుచుకుంటుంది. అనుభవం ఉన్న టైలర్‌కి ఇది పెద్ద పని కాదు.

మూడోది నడుము. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మొదటి డ్రెస్ కొనేవాళ్ళలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పోటీ డ్రెస్‌కి లోపల పునాదిలా ఒక బాడీసూట్ ఉంటుంది. ఈత దుస్తుల్లా కాళ్ళ మధ్య నుంచి వచ్చి, అక్కడ హుక్కులతోనో ప్రెస్ బటన్లతోనో మూసుకుంటుంది. స్కర్టు, స్లీవ్స్, పై అలంకరణ అన్నీ దాని మీద కూర్చుంటాయి. డ్రెస్ పైకి లేవకుండా కింద నుంచి పట్టి ఉంచేది అదే. కాబట్టి ఛాతీ, నడుము, తుంటి కొలతలు ఎంత ముఖ్యమో, మొండెం చుట్టుకొలత అంత ముఖ్యం. టేప్‌ను భుజం మధ్యలో పెట్టి, ముందు ఛాతీ మీదుగా దించి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి, వీపు మీదుగా మళ్ళీ అదే భుజం మీద అదే చోటికి తేవాలి. ఒంటరిగా తీసుకుంటే ఈ కొలత తప్పుతుంది, ఇంకొకరి సాయం ఉండాలి. అదీ చేతులు దించి కాదు. డాన్స్ షూస్ వేసుకుని, హోల్డ్‌లో నిలబడినట్టు ఛాతీ లేపి, మెడ చాపి తీసుకోవాలి. రెండు భంగిమల్లోనూ కొలిచి చూడండి, ఎంత తేడా వస్తుందో మీకే ఆశ్చర్యమేస్తుంది.

ఈ కొలత డ్రెస్‌లో తక్కువైతే భుజం పట్టీలు ఒరుసుకుంటాయి, కింద లాగేస్తుంది, మీకు తెలియకుండానే వీపు వంగుతుంది. మీ టీచర్ "ఇంకా పైకి, ఇంకా పైకి" అని ఎంత అరిచినా డ్రెస్ మిమ్మల్ని కిందికి లాగుతూనే ఉంటుంది. ఎక్కువైతే నడుము దగ్గర అడ్డంగా ముడతలు పడతాయి. రెండు మూడు సెంటీమీటర్ల కొరత అయితే కాళ్ళ మధ్య ఉండే ముక్కను మార్చి పొడవు పెంచవచ్చు. అంతకు మించితే భుజం దగ్గరో నడుము దగ్గరో అతుకు వేయాలి, అది పైకి కనిపిస్తుంది. మీరు చూసిన డ్రెస్‌లో అసలు బాడీసూట్ ఉందో లేదో ముందు గమనించండి. కొన్ని పాత డ్రెస్‌లలో హుక్కులు ఊడిపోతే ఆ భాగం కత్తిరించేసి వాడుకుంటారు. అలాంటి డ్రెస్ ఎంత అందంగా ఉన్నా నడుము నిలవదు.

నా మొదటి పోటీకి కుట్టించుకున్న డ్రెస్ కొలతలు చేతులు దించి నిలబెట్టి తీశారు. ట్రయల్‌లో చక్కగా ఉంది. పోటీలో రెండో డాన్స్‌కే నడుము లేచిపోయింది. దాన్ని ఎలాగైనా ఆపాలని ఎడమ మోచెయ్యి దించుకుని రౌండ్ మొత్తం చేశాను. తర్వాత వీడియో చూస్తే నా ఎడమ వైపు గీత మొత్తం కుంగిపోయి ఉంది. ఏడాది కష్టపడి తెచ్చుకున్న ఫ్రేమ్ (హోల్డ్‌లో చేతులు, భుజాలు, వీపు నిలిచే తీరు) అది. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు బాధపడ్డాను. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి ట్రయల్ అంటే అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకోవడం కాదు. పోటీలో వేసుకునే లోదుస్తులు, అదే జత షూస్ వేసుకోండి. పార్ట్‌నర్‌ను పిలవండి. పోటీలో ఒక్కో డాన్స్ సుమారు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు ఉంటుంది. మీ మూడు డాన్సులూ మ్యూజిక్‌తో, మధ్యలో కొద్ది సెకన్లే ఆగి, పూర్తి స్టెప్పులతో చేయండి. వాల్ట్జ్‌లో స్వే ఇచ్చినప్పుడు (ఒంటిని పక్కకి వాల్చినప్పుడు) పక్క కుట్టు ఎటు పోతోంది, కాంట్రా చెక్ అనే స్టెప్పులో ముందు భాగం లాగుతోందా, టాంగోలో తల చటుక్కున తిప్పినప్పుడు మెడ దగ్గర బట్ట అడ్డొస్తోందా, క్విక్‌స్టెప్ గెంతుల్లో ఛాతీ దగ్గర నిలుస్తోందా చూడాలి. మధ్యలో చెయ్యి పెట్టి డ్రెస్ సర్దుకోకండి. అది ఎక్కడికి జరిగితే అక్కడే ఉండనిచ్చి, చివర్లో ఫోటో తీయించుకోండి. ఆ ఫోటో టైలర్‌కి చూపిస్తే, మీరు గంటసేపు మాటల్లో చెప్పేదానికంటే బాగా అర్థమవుతుంది. వెనక నుంచి, పక్క నుంచి వీడియో కూడా తీయించండి. చెమట పట్టాక మళ్ళీ ఒకసారి చూడండి. తడిసిన బట్ట పొడి బట్టలా కదలదు, లోపలి లైనింగ్ ఒంటికి అంటుకుంటుంది.

స్కర్టు సంగతి. తుంటి దాకా ఒంటిని అంటిపెట్టుకుని ఉన్నా ఫరవాలేదు, కానీ తొడ మధ్యకి వచ్చేసరికి బట్ట తెరుచుకోవాలి. మీరు వెనక్కి నడిచేటప్పుడు కాలు తుంటి నుంచి చాచాలి. మోకాలి దగ్గర స్కర్టు పట్టేస్తే అడుగు కురచవుతుంది, పార్ట్‌నర్ మోకాలు మీ మోకాలికి తగులుతుంది, నింద డాన్స్ మీద పడుతుంది. అంచు నేలకి తగలకూడదు. షూస్ వేసుకుని, హోల్డ్‌లో నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచినప్పుడు కూడా అంచు మీ మడమ కిందికి, పార్ట్‌నర్ బూటు కిందికి రానంత ఎత్తులో ఉండాలి. వాల్ట్జ్‌లో మీరు దిగినప్పుడల్లా అంచూ దిగుతుంది కదా, అందుకని నిటారుగా నిలబడి మాత్రమే గుర్తు పెట్టించుకోవద్దు. క్రాస్ కటింగ్ స్కర్టు అయితే ఒక రోజంతా వేలాడదీసి, బట్ట సాగాల్సినంత సాగాకే అంచు కుట్టాలి. లేకపోతే నెల తిరక్కుండానే ఒక వైపు దిగిపోతుంది.

ఆ అంచు లోపల గట్టిగా ఉండే ఒక పట్టీ కుడతారు. ఒకప్పుడు గుర్రపు వెంట్రుకలతో నేసేవారు, ఇప్పుడు నైలాన్‌ది వస్తోంది. తిరిగినప్పుడు స్కర్టు గుండ్రంగా విచ్చుకుని అలలా తిరిగి రావడం దీని పనే. అంగుళం వెడల్పు నుంచి ఆరంగుళాల దాకా దొరుకుతుంది. మొదటి డ్రెస్‌కి సన్నదే మేలని నా అభిప్రాయం. వెడల్పు పట్టీ బరువు, తిరిగి ఆగినప్పుడు మీకంటే ఒక క్షణం ఆలస్యంగా ఆగుతుంది. దాన్ని అదుపులో పెట్టాలంటే మీ కదలిక అంత నిలకడగా ఉండాలి. పైగా క్విక్‌స్టెప్‌కి తేలికైన స్కర్టే మంచిది. చేతుల నుంచి వేలాడే పల్చటి బట్ట ముక్కలు, ఫ్లోట్స్ కూడా వాల్ట్జ్‌లో మేఘాల్లా ఉంటాయి గానీ, అలవాటు లేనివాళ్ళకి చేతికి చుట్టుకుంటాయి. ఈసారికి వద్దు, లేదా తీసి పెట్టగలిగేలా హుక్కులతో పెట్టించుకోండి.

డ్రెస్ మీకు సరిపోతే చాలదు, పార్ట్‌నర్‌కీ సరిపోవాలి. స్టాండర్డ్ హోల్డ్‌లో అతని కుడి చెయ్యి మీ ఎడమ రెక్క ఎముక కింద ఉంటుంది, మీ ముందు కుడి భాగం అతని కుడి భాగాన్ని ఆనుకుని ఉంటుంది. ఆ రెండు చోట్లా పెద్ద రాళ్ళుంటే అతని అరచెయ్యి గీసుకుపోతుంది, కోటు నూలు లేస్తుంది, మీ రాళ్ళు ఊడిపోతాయి. పాత డ్రెస్‌లో రాళ్ళు ఎక్కడ ఊడాయో చూస్తే, ముందు వేసుకున్నావిడ ఒళ్ళు పార్ట్‌నర్‌కి ఎక్కడ ఆనేదో తెలిసిపోతుంది. రాళ్ళను గ్రాస్ లెక్కన అమ్ముతారు, ఒక గ్రాస్ అంటే 144. ఒక డ్రెస్‌కి పదులకొద్దీ గ్రాసులు వాడేవాళ్ళున్నారు. అవి గాజు రాళ్ళైతే ఆ బరువంతా భుజాల మీద పడి బట్టను కిందికి సాగదీస్తుంది. మీ సీనియర్ డ్రెస్ మీద రాళ్ళు ఎక్కువుంటే పట్టీలు సాగాయేమో చూసుకోండి.

బిడియం గురించి మీరు చివర్లో ఒక వాక్యంలో రాశారు గానీ, నాకు అది చిన్న విషయం అనిపించలేదు. ఒళ్ళు దాచుకోవాలన్న ఆలోచన మనసులో ఉంటే భుజాలు వాటంతటవే ముందుకి వంగుతాయి. మీకు నచ్చినంత కప్పుకోండి, అందులో తప్పేమీ లేదు. వీపు తెరిచి ఉన్నట్టు కనిపించే డ్రెస్‌లలో చాలావాటికి ఒంటి రంగు మెష్ ఉంటుంది. మీ రంగుకి సరిపోయే మెష్‌ను ఎండలోనూ, గట్టి లైట్ల కిందా చేతి మీద పెట్టి చూసి ఎంచుకోండి. పాత డ్రెస్‌లోని మెష్ ఇంకొకరి ఒంటి రంగుకి తీసుకున్నది కాబట్టి, అది మీకు కలవకపోతే దూరానికి అతుకులా కనిపిస్తుంది. చేతులకి మణికట్టు దాకా సాగే మెష్ లేదా సాగే లేస్ స్లీవ్స్ పెట్టించుకోండి. చెయ్యి లావుగా ఉన్నచోట ముగిసే పొట్టి స్లీవ్ మాత్రం వద్దు. అది అక్కడ కోసుకుని, చూపును సరిగ్గా అక్కడికే తీసుకుపోతుంది. మెడను మాత్రం దాచకండి. ఎత్తు కాలర్లు, మెడ చుట్టూ దట్టమైన పట్టీలు ఎంత అందంగా ఉన్నా వద్దనే చెప్తాను. మీరు ఎంతో సాధన చేసి తెచ్చుకున్న ఆ ఎడమ వైపు వంపు, తల గీత అక్కడే కనిపిస్తాయి. ఫ్లోర్ మీద పన్నెండు జంటలు ఉంటే ఒకటిన్నర నిమిషంలో జడ్జికి ఒక్కో జంట మీద సగటున ఏడెనిమిది సెకన్లే దొరుకుతాయి. ఆ కాస్త సేపట్లో మీ మెడ, వీపు గీత స్పష్టంగా కనిపించాలి. రంగు కూడా ఆ లెక్కనే చూసుకోండి: పార్ట్‌నర్ నల్ల సూట్ పక్కన మీ ఆకారం కలిసిపోకుండా ఉంటే చాలు.

ఇంకొకటి, అన్నిటికంటే ముందే చేయాల్సిన పని. డబ్బు ఇచ్చేముందు పోటీ నిర్వాహకుల నుంచి మీ లెవెల్‌కి దుస్తుల నియమాలు తెప్పించుకుని చదవండి. కొత్తవాళ్ళ విభాగంలో రాళ్ళు, మెరుపులు, కొన్నిచోట్ల పోటీ కాస్ట్యూమ్ మొత్తాన్నే అనుమతించని పోటీలు చాలా ఉన్నాయి. మీ విభాగంలో అలా ఉంటే ఈ డ్రెస్ చర్చే అక్కర్లేదు. ఒంటికి అమరిన బాడీసూట్ టాప్, చక్కగా పారే ప్రాక్టీస్ స్కర్టు సరిపోతాయి. పోటీ డ్రెస్‌కి తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

నియమాలు ఒప్పుకుంటే, ఈ డ్రెస్ కొనాలా వద్దా అన్నది దాన్ని లోపలి వైపు తిప్పి చూస్తే తేలుతుంది. పక్క కుట్ల లోపల మార్జిన్ ఉందా? బాడీసూట్ ఉందా? మొండెం చుట్టుకొలత మీ హోల్డ్ కొలతకి రెండు మూడు సెంటీమీటర్ల లోపు తేడాలో ఉందా? చంక దగ్గర మెష్ ఉందా, లేక రాళ్ళు పొదిగిన బట్ట ఉందా? మెష్ అయితే విప్పి కొత్తది, ఎత్తుగా కట్ చేసినది వేయవచ్చు. రాళ్ళు కుట్టు మీదికి వచ్చి ఉంటే వాటిని తీసి, సరిచేసి, మళ్ళీ అతికించాలి. అప్పుడు మార్పుల ఖర్చే డ్రెస్ ఖర్చుకి దగ్గరవుతుంది. వదులుగా ఉన్నది బిగించడం తేలిక, లేని బట్టను తేవడం కష్టం. నడుము, చంక అతుకు, పొడవు, ఈ మూడే సమస్యలైతే కొనేయండి. చంక లోతుగా ఉండి, అక్కడ బట్ట అంతా అలంకరణతో నిండి ఉంటే, ఎంత నచ్చినా వదిలేయమనే చెప్తాను.

కొత్తది కుట్టించుకున్నా, పాతది మార్పించుకున్నా పోటీకి మూడు వారాల ముందే చేతికి వచ్చేలా మాట్లాడుకోండి. దాన్ని వేసుకుని కనీసం రెండు మూడు పూర్తి ప్రాక్టీసులు చేస్తేగానీ చిన్న చిన్న తేడాలు బయటపడవు. మధ్య రోజుల్లో హ్యాంగర్‌కి వేలాడదీయకుండా, చెమట ఆరాక పరుపు మీద చాపి, మడిచి పెట్టండి. పోటీ రోజు సంచిలో సూది, డ్రెస్ రంగు దారం, రెండు అదనపు హుక్కులు, పిన్నీసులు ఉంచుకోండి.

ఈ వారమే ఆ సీనియర్‌ను ఒక్క ప్రాక్టీస్ గంటకి డ్రెస్ ఇవ్వమని అడగండి. డాన్స్ చేసి చూడకుండా ఎవరూ కొనరని ఆవిడకీ తెలుసు. మొండెం కొలత తీసుకుని, మూడు డాన్సులూ చేసి, చివర్లో తీసిన ఫోటో నాకు పంపండి. టైలర్‌కి ఏం చెప్పాలో ఇద్దరం కలిసి చూద్దాం.